అత్త కట్టిన ముందు చక్రం

పోయిన నెలలో ఒక తెల్లవారుజామున కుప్పం నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. మా ఆయన లారీ డ్రైవరు. వేళ కాని వేళ ఫోన్ మోగితే మా ఇంట్లో అందరి ఆలోచనా ముందు రోడ్డు మీదికే పోతుంది. ఆ రోజు ఆయన ఇంట్లోనే పడుకుని ఉన్నాడు కాబట్టి నేను ధైర్యంగానే తీశాను.

"వదినా, అమ్మ లేయలే" అంది. "కాఫీకి లేపితిని. మళ్ళా లేపితిని. లేయలే వదినా."

ఆమే మళ్ళీ, నన్ను ఓదార్చాల్సింది తానే అన్నట్టు, "నిన్న సాయంత్రం గూడా మంచం అల్లడం ముగించి, దాని మీదనే కూసోని ఆకొక్క ఏసుకునింది. బాగుండాది, ఇంగ పాపను పండుకోబెట్టొచ్చు అనింది" అని చెప్పింది.

మా అత్త కుప్పం వెళ్ళింది ఆ మంచం కోసమే. ఆడబిడ్డ కూతురికి నెలలు నిండుతున్నాయి. బాలింత పడుకోవాల్సింది కొత్తగా అల్లిన నులక మంచం మీదే అని మా అత్త పట్టు. పుంగనూరు నుంచి నులక చుట్ట భుజాన వేసుకుని, పలమనేరులో బస్సు మారి, ఒక్కతే వెళ్ళింది. "నులక ఆడ దొరకదా అత్తా?" అని అడిగితే, "దొరుకుతాది. అది నేను పేనింది కాదు గదా" అంది. బస్సెక్కేటప్పుడు కూడా ఆ చుట్టను కండక్టరు చేతికివ్వలేదు.

ఆమె పుట్టింది కలకడ వైపు ఒక మెట్ట పల్లెలో. అక్కడ చేలగట్ల మీద కిత్తనార దానంతటదే పెరుగుతుంది. ఆ మట్టలు నానబెట్టి, చితక్కొట్టి, నార తీసి, తొడ మీద పేని తాడు చేయడం ఆమెకు వంట కంటే ముందు వచ్చిన విద్య. పుంగనూరుకు కోడలిగా వచ్చాక కూడా ఆ చేతులు ఊరుకోలేదు. మా వీధిలో ఏ ఇంటి ఆడపిల్ల పురిటికి వచ్చినా, ఆ ఇంటి మంచం ముందు మా వసారాలోకి వచ్చేది. పాత నులక కోసేసి, కొత్తది అల్లి, చివర్న తానే ఎక్కి కూర్చునేది. "ముందు నేను కూసోవల్ల. పడితే నేను పడతాను, బాలింత పడకూడదు" అనేది. ఒకసారి కోడు విరిగి నిజంగానే పడింది. లేచి చీర దులుపుకుని, "సూసినారా, ముందు నేను యాల కూసుంటానో?" అంది.

ఇన్ని మంచాలు అల్లిన మనిషి గురించి రాయమంటే మంచాల గురించే రాయాలి. కానీ నాకు మా అత్త అనగానే గుర్తొచ్చేది మంచం కాదు, సైకిలు చక్రం. ఎందుకో చెబుతాను.

నేను చదువుకున్నది మదనపల్లెలో. పెళ్ళికి మా నాన్న నాకొక లేడీస్ సైకిలు కొనిచ్చాడు. దాన్ని బస్సు టాపు మీద వేసుకుని పుంగనూరు కాపురానికి వచ్చాను. అది తొంభైల చివరి మాట. వచ్చిన ఏడాదికే బస్సు రోడ్డు దిగి చాలా లోపలికి పోవాల్సిన ఒక పల్లె బడిలో నాకు తాత్కాలికంగా టీచరు పని దొరికింది. ఆ పల్లెకు బస్సు లేదు, సైకిలు మీదే వెళ్ళాలి. కొత్త కోడలు చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి సైకిలు తొక్కుతుంటే మా వీధి కొన్నాళ్ళు తలుపులు వేసుకోవడం మరిచిపోయింది.

మా అత్త మాత్రం రోజూ గడపలో నిలబడేది. వీధి చివర పిండిమిషను దగ్గర మలుపు ఉంది. నేను ఆ మలుపు తిరిగేదాకా లోపలికి పోయేది కాదు. సాయంత్రం ఇంటికి వస్తే, చెంబుతో నీళ్ళిస్తూ, "ఈ పొద్దు మలుపులో కాలు కింద పెట్టినావు, యాల?" అని కారణం అడిగేది. కుక్క అడ్డొచ్చింది అత్తా అంటే, "కుక్కకు బెల్లు కొట్టవల్ల, కాలు పెట్టకూడదు" అనేది. తాను ఎప్పుడూ సైకిలు ఎక్కి ఎరగదు.

ఇది మా చిన్నమామకు నచ్చేది కాదు. ఆయన మా మామగారి తమ్ముడు. మామగారు నేను రాకముందే పోయారు కాబట్టి ఇంటికి పెద్ద తానే అని ఆయన నమ్మకం. చెడ్డవాడు కాదు. అన్న పోయినప్పటి నుంచి ఈ ఇంటి మంచీ చెడ్డా చూసిన మనిషి. కాకపోతే ఆయనకు చూడటం అంటే కాపలా కాయడం. "లారీ మీద మొగుడు, సైకిలు మీద పెండ్లాము, ఇంట్లో ఎవురుండారు?" అని వచ్చినప్పుడల్లా అడిగేవాడు. "నేనుండా గదా, కనపడలేదా?" అని మా అత్త లోపలి నుంచి జవాబిచ్చేది.

ఒక శుక్రవారం బడి మూసి బయల్దేరుతుంటే ఆ ఊరి పెద్దమనిషి వచ్చాడు. సోమవారం పది గంటలకు పైనుంచి ఆఫీసరు వస్తున్నాడని, బడి నడుస్తోందో లేదో చూసి రాసుకుపోతాడని చెప్పాడు. "టీచరమ్మ లేకుంటే మా ఊర్లోనే ఒక పిల్ల సదువుకోని ఉండాది. దాన్ని కూసోబెడతాం. మళ్ళా నన్నేమనుకోవద్దు" అన్నాడు. నేను వస్తానని చెప్పి సైకిలెక్కాను.

దారిలో కూరగాయలకని పుంగనూరు సంత దగ్గర సైకిలు గోడకానించి లోపలికి వెళ్ళాను. బయటికి వచ్చేసరికి టమోటా బాక్సులేసుకున్న ట్రాక్టరొకటి వెనక్కి వస్తూ నా సైకిలు ముందు చక్రం మీదికెక్కి దిగింది. రిమ్ము మడత పడింది. పుల్లలు, అంటే చక్రంలోని ఆ సన్నటి ఇనుప చువ్వలు, కొన్ని తెగి వేలాడుతున్నాయి. డ్రైవరు దిగి తల గోక్కుంటూ నిలబడ్డాడు. ఎవరు కబురు చెప్పారో, చిన్నమామ అక్కడికే వచ్చాడు. సైకిలు తానే భుజానికెత్తుకుని ఇంటికి తెచ్చి వసారాలో పడేశాడు.

"మంచికే జరిగింది పో పాపా" అన్నాడు. "నీకు తగిలుంటే? ఇంగ సాలు. మావాడు ఊరి నుంచి రానీ, నేను మాట్లాడతా. ఇంటి పట్టున ఉండు."

మా ఆయన అప్పుడు మదరాసుకు లోడు తోలుకుని పోయి ఉన్నాడు. వస్తే ఏమంటాడో నాకు తెలుసు. చిన్నాయన మాట తీసేయడు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను, కళ్ళు కనపడకుండా.

మా అత్త సైకిలు చుట్టూ ఒకసారి తిరిగింది. "సైకిలు ఇరిగితే సైకిలు బాగు జేయవల్ల" అంది. "పిల్లని యాల కూసోబెడతావు? పిల్లేమన్నా ఇరిగిందా?"

చిన్నమామ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు రెండో శనివారం, బడి లేదు. పొద్దున్నే ఇద్దరం ఆ చక్రం పట్టుకుని సైకిలు సాయిబు దగ్గరికి వెళ్ళాం. మా వైపు చక్రాలు కట్టడంలో ఆయనకు పేరు. షాపు ముందు పెట్టె సర్దుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. కుప్పంలో వాళ్ళ చెల్లెలి ఇంట్లో పెళ్ళి, కుటుంబమంతా బయల్దేరుతున్నారు, వారం దాకా రాడు. ఇంకో షాపతను పంక్చర్లు వేస్తాడు, సైకిళ్ళు బాడుగకిస్తాడు, చక్రం జోలికి పోడు. బాడుగ సైకిళ్ళన్నీ బారు ఉన్న మగవాళ్ళ సైకిళ్ళు, చీరతో ఎక్కలేను. మదనపల్లె పోదామంటే ఆదివారం షాపులుండవు, శనివారం ఇచ్చిన పని శనివారమే కాదు.

"కొత్త రిమ్ము, పుల్లలు ఇయ్యి సాయిబూ" అంది మా అత్త. "మేమే కట్టుకుంటాం."

సాయిబు నవ్వాడు, ఎగతాళిగా కాదు. "అమ్మా, ఇది మంచం కాదమ్మా."

"మంచం కాకపోతే ఏమప్పా? ఆడ పట్టెలు, ఈడ రిమ్ము. ఆడ నులక, ఈడ పుల్లలు."

బస్సుకు టైమవుతోందని లోపలి నుంచి ఆయన భార్య పిలుస్తోంది. సాయిబు రిమ్ము, పుల్లల కట్ట తీసి ఇచ్చి, పుల్ల చివర ఎక్కే చిన్న మర, నిప్పిలు, దాన్ని తిప్పే కీ కూడా చేతిలో పెట్టాడు. "పోగొట్టొద్దమ్మా, మా అబ్బాజాన్‌ది" అన్నాడు. మా అత్త దాన్ని కొంగున ముడేసుకుంది.

ఇంటికొచ్చాక ఆమె చేసిన మొదటి పని చూసి నాకు ధైర్యం వచ్చింది. పాత చక్రాన్ని వెంటనే ఊడదీయలేదు. వసారాలో ముగ్గుపిండితో దాని బొమ్మ గీసింది. మధ్యలో హబ్బు, దానికి రెండు పక్కలా రంధ్రాల రేకులు, ఏ రంధ్రం నుంచి పుల్ల లోపలి నుంచి బయటికొస్తోంది, ఏది బయటి నుంచి లోపలికి పోతోంది, ఏది దేని మీదుగా దాటుతోంది. నేను చెబుతుంటే ఆమె గీసింది, ఆమె చెబుతుంటే నేను చెరిపి మళ్ళీ గీశాను. అంతా అయ్యాకే పాత పుల్లలు విప్పి హబ్బును బయటికి తీశాం. దాన్ని కిరసనాయిల్తో కడిగి, కొంగుతో తుడిచి, "ముసిలిదైనా గట్టిదే" అంది.

పని మొదలైంది. నేను పుల్ల అందిస్తే ఆమె హబ్బులో దూర్చి, రిమ్ము దాకా లాగి, నిప్పిలు ఎక్కించి, కీతో బిర్రుగా బిగించేది. ఒకటి బిగించాకే ఇంకొకటి. నులక అల్లేటప్పుడు అంతే కదా, లాగిన పేటను వదలకూడదు. వదిలితే మంచం ఉయ్యాలవుతుంది. జీవితమంతా చేసిన పద్ధతి అది. చేతులు చకచకా పోతున్నాయి. నాకు ఆ బొటనవేళ్ళు చూస్తుంటే ముచ్చటేసింది. ఇంత సులువా అనుకున్నాను.

సగం దాటాక పుల్లలు రిమ్మును చేరడం మానేశాయి. ఒక పక్క పుల్ల వేలెడు పొట్టిగా నిలిచింది. గుంజి ఎక్కిస్తే రిమ్ము అవతలి పక్కకు లాక్కుపోయింది. సాయంత్రానికి మా చేతిలో తయారైనది చక్రం కాదు, కోడిగుడ్డు. నేలమీద పెడితే ఊగుతోంది.

నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని చెప్పడానికి సిగ్గేముంది, బాగానే ఏడ్చాను. సోమవారం ఆ పల్లె బడిలో నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని, నేను ఇక ఈ వసారా దాటనని అనిపించింది. మా అత్త నన్ను ఊరడించలేదు. ఆ గుడ్డును ఎత్తి మూలన ఆనించి, "దానికి కోపమొచ్చింది. నాకూ వచ్చింది. నీకూ వచ్చింది. ముందు సంగటి తిందాం పా" అంది. తిన్నాం. ఆ పూట దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు.

ఆదివారం పొద్దున పాలాయన వచ్చాడు. ఆయనదీ ఆమె వయసే, పెద్ద సైకిలుకు రెండు వైపులా క్యాన్లు. మా అత్త గిన్నె పట్టుకుని పోయి, గిన్నె కింద పెట్టి, ఆయన ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది. వేలితో పుల్లలు మీటడం మొదలుపెట్టింది.

"యాలమ్మా, నా సైకిలు అమ్ముతానని ఎవురన్నా చెప్పినారా?"

"నిలబడప్పా. ఇననీ."

"పాలు ఇరిగిపోతాయి."

"ఇరిగితే అన్నీ నాకే పొయ్యి. నిలబడు."

పాలాయన నిలబడ్డాడు. వీధి చివరి ఇళ్ళలో కాఫీలు ఆలస్యమయ్యాయి. ఆమె చక్రమంతా మీటుకుంటూ వెళ్ళింది. టింగ్, టింగ్, టింగ్, అన్నీ దాదాపు ఒకటే పలుకు. లేచి లోపలికి వచ్చి మూలనున్న మా చక్రాన్ని మీటింది. ఒకటి కీచుమంది, ఒకటి డబ్ మంది, ఒకటి అసలు పలకలేదు. నా వైపు తిరిగి, "ఆయప్ప చక్రంలో అందురూ ఒకటే మాట మాట్లాడతాండారు. మన ఇంట్లో తలా ఒకటి" అంది.

అప్పుడు కీ తీసుకుని, కొత్తగా ఏదీ ఎక్కించకుండా, బిగించిన వాటినన్నిటినీ వదులు చేయడం మొదలుపెట్టింది. విప్పేయలేదు, ఊడిపోకుండా చివరి మరల దాకా వదిలింది, అంతే. నేను రిమ్ము పట్టుకుని కూర్చున్నాను. సగం వదిలేసరికి నా చేతుల్లో ఇనుము కదిలింది. చివరిది వదిలేసరికి రిమ్ము తనంతట తాను గుండ్రంగా నిలబడింది. మేము ఏమీ చేయలేదు.

మా అత్త వెనక్కి వాలి కూర్చుని దాన్నే చూసింది. ఆమె ముఖం అలా వెలగడం నేను ఆ తర్వాత మనవరాలు పుట్టినప్పుడే చూశాను. "అది పుట్టడమే గుండ్రంగా పుట్టిందే పాపా. మనమే గుంజి వంకర జేస్తిమి" అంది. రిమ్మును ఒకసారి తడిమి, "మంచం వేరే. చక్రం వేరే. సాయిబు సరిగ్గానే చెప్పినాడు" అంది. అంత వయసులో, తనకు బాగా తెలిసిన విద్యలోనే తాను పొరబడ్డానని అంత సంతోషంగా చెప్పిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

మిగిలిన పుల్లలన్నీ సులువుగా అందాయి. అన్నీ వదులు వదులుగా ఎక్కించాం. సైకిలును గోనెపట్టా మీద తలకిందులుగా నిలబెట్టి, చక్రాన్ని ఫోర్కులో కూర్చోబెట్టాం. ఇక బిగింపు. చుట్టూ తిరుగుతూ ఒక్కో నిప్పిలుకు అర తిప్పు. మళ్ళీ మొదటికి. మళ్ళీ అర తిప్పు. నాకు తొందరెక్కువ, వదులుగా కనపడిన చోట ఇంకో తిప్పు వేయబోయాను. నా చేతి మీద ఒక్కటేసింది. "పంక్తిలో ఒకరికే వడ్డిస్తే మిగిలినోళ్ళు లేచిపోతారు. అందరికీ కొంచెం కొంచెం."

బిగింపు వచ్చాక చక్రం తిప్పితే రిమ్ము ఇటూ అటూ ఊగుతోంది. ఎక్కడ ఊగుతోందో తిరిగేటప్పుడు కంటికి అందదు. ఆమె తన ఆకువక్క సంచి తెచ్చుకుంది. చీపురు పుల్ల ఒకటి ఫోర్కుకు దారంతో కట్టి, దాని కొసకు తమలపాకుల్లోకి వేసుకునే సున్నం అద్ది, రిమ్ముకు వెంట్రుక వాసి దూరంలో నిలబెట్టింది. చక్రం తిప్పింది. రిమ్ము పక్కకు వచ్చిన చోటల్లా సున్నం అంటుకుంది. "ఇదో, ఈడ నాలిక బయట పెట్టింది" అంటూ అక్కడి పుల్లలు ఒక వైపు వదులు చేసి, అవతలి వైపు బిగించింది. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ తిప్పింది. మధ్యాహ్నమంతా అదే పని. మధ్యలో అదే సున్నంతో ఆకు కూడా వేసుకుంది.

దీపాలు పెట్టే వేళకు సున్నం ఒక్క చోటే అంటుకుంటోంది, అదీ గోరంత. ఇంకొంచెం సరిచేద్దామా అన్నాను. "వద్దు. ఇంతకు మించి గుంజితే మళ్ళా కోపమొస్తాది. ఆ మాత్రం ఉండనీ" అంది. టైరు, ట్యూబు నేనెక్కించి గాలి కొట్టాను. బ్రేకు కట్టలు బిగించి తిప్పితే, చుట్టుకొకసారి రిమ్ము రబ్బరును తాకి చిక్ మంది.

సైకిలును వీధిలోకి దింపి ఎక్కబోతున్నాను. మా అత్త కొంగు బిగించుకుని వెనక క్యారేజీ పట్టుకుంది.

"ముందు నేను కూసోవల్ల" అంది.

"అత్తా, ఇది మంచం కాదు."

"నేను కట్టింది నేను కూసోకుండా నిన్ను పంపీను. తొక్కు. పడితే ఇద్దరం పడతాం."

ఆమె ఒక పక్కకు కాళ్ళు పెట్టి ఎక్కి, నా నడుం పట్టుకుంది. తొక్కాను. వీధంతా అరుగుల మీదికి వచ్చింది. పిల్లలు వెంట పరుగెత్తారు. పాలాయన సాయంత్రం పాలకు ఎదురొచ్చి, సైకిలు దిగి మరీ నిలబడ్డాడు. చిన్నమామ తన ఇంటి ముందు పేపరు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మేము ఆయన్ను దాటుతుంటే చిక్, చిక్ అని చక్రం చప్పుడు చేసింది. మా అత్త వెనక నుంచి, "బెల్లు కొట్టు పాపా, పెద్దాయన కూసోనుండాడు" అంది. కొట్టాను. పిండిమిషను మలుపు దాకా పోయి తిరిగి వచ్చాం. పడలేదు.

సోమవారం నేను బడి తలుపు తీసేసరికి ఆఫీసరు ఇంకా రాలేదు. ఊరి పెద్దమనిషి వచ్చి సైకిలు వైపు చూసి, "ఇరిగిందనిరే?" అన్నాడు. కట్టాం అన్నాను. "ఎవురు?" "మా అత్త." ఆయన నేను పరాచికాలాడుతున్నాననుకుని ఆఫీసరు కోసం కుర్చీ వేయించడానికి పోయాడు. బడి నిలబడింది. నేనూ నిలబడ్డాను.

మా ఆయన లోడు దించి వచ్చిన పొద్దున, స్నానం కూడా చేయకుండా సైకిలు ముందు కూర్చున్నాడు. అప్పటికే చిన్నాయన కబురు అందే ఉంటుంది. చక్రం తిప్పాడు. ఆపాడు. మీటాడు. చక్రాల మీద బతికే మనిషి కదా. "మంచం మాదిరి బిగించి ఉంటావని అనుకుంటినే అమ్మా" అన్నాడు. "బిగిస్తిని. మంచమే అయింది. మళ్ళా ఇప్పితిని" అంది ఆమె. ఉద్యోగం మానడం గురించి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు.

పెళ్ళి నుంచి వచ్చిన సాయిబుకు కీ తిరిగివ్వడానికి ఇద్దరం వెళ్ళాం. ఆయన చక్రం గాల్లోకెత్తి తిప్పి, ఒక కన్ను మూసి చూశాడు. "అమ్మా, మీరు షాపు పెడితే నేను పండ్లు అమ్ముకోవల్ల" అన్నాడు. ఆ ఒక్క చోట చిక్ మనడం తీసేస్తానంటే నేనే వద్దన్నాను. ఆ చప్పుడు నాకు తోడుగా ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు మనిషి కనపడని ఆ దారిలో చిక్, చిక్ అంటూ వెంట వచ్చేది.

ఆ తర్వాత ఆమె ఇంకో చక్రం కట్టలేదు, అవసరం రాలేదు. కానీ ఆ కథ చెప్పని చోటు లేదు. మదనపల్లెలో మా తమ్ముడి పెళ్ళిలో వంటశాల దగ్గర కూర్చుని చెప్పింది. చెప్పినప్పుడల్లా పాలాయన ఇంకొంచెం ఎక్కువసేపు నిలబడేవాడు, కోడిగుడ్డు ఇంకొంచెం పెద్దదయ్యేది. తన పొరపాటును మాత్రం ఎప్పుడూ తగ్గించి చెప్పలేదు. అదే కథలో ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

ఆ తమ్ముడి పెళ్ళాం వచ్చిన కొత్తలో మా అమ్మ ఆ పిల్లను నిలబడితే తప్పు, కూర్చుంటే తప్పు అన్నట్టు చూసేది. ఒకసారి మా అత్త నాతో మదనపల్లె వచ్చింది. రెండు పూటలు చూసింది. మూడో పూట ఆకు మడుస్తూ మా అమ్మతో, "వదినా, ముందు వదులుగా ఉండనీ. ఒక పుల్లనే పట్టుకోని గుంజద్దు" అంది. మా అమ్మ తెల్లబోయి నన్ను చూసింది. నేను వివరించాల్సి వచ్చింది. వివరించాక మా అమ్మ రెండు రోజులు మా అత్తతో మాట్లాడలేదు, కానీ కోడలి మీద గొంతు తగ్గించింది. నాతో కూడా ఆమె ఉన్నది అలాగే. నన్ను వదులుగా ఉంచి, నేను ఎంతవరకు నిలబడతానో చూసి, కొంచెం కొంచెంగా ఈ ఇంటిదాన్ని చేసుకుంది. నాకు ఈ ఇంట్లో ఎప్పుడూ ఊపిరి ఆడకపోవడమన్నది లేదు. అది ఆమె చలవ.

తర్వాత పరీక్ష రాసి పర్మినెంటు అయ్యాను, మోపెడ్ కొన్నాను. గడపలో ఆమె నిలబడటం మాత్రం మానలేదు. మోపెడ్ తొందరగా మలుపు తిరిగిపోతుందని ఆమెకు దాని మీద చిన్న కోపం.

కుప్పం నుంచి ఆమెను మధ్యాహ్నానికి పుంగనూరు తీసుకొచ్చాం. వీధంతా వచ్చింది. సాయిబు వచ్చాడు, ఇప్పుడు ఆయన గడ్డం తెల్లబడింది. పాలాయన ఇప్పుడు లేడు, ఆయన కొడుకు వచ్చాడు. నలుగురు కుర్రవాళ్ళు వెదుళ్ళు తెచ్చి వసారా ముందు పాడె కడుతున్నారు. చిన్నమామ దగ్గరుండి కట్టిస్తున్నాడు. ఆయనకు కళ్ళు సరిగా కనపడవు. ఒక్కో అడ్డకర్ర పెట్టి బిర్రుగా ముడేయిస్తున్నాడు. నేను ఆమె తల దగ్గర కూర్చుని చూస్తున్నాను. ఒక చివర నుంచి బిగించుకుంటూ వచ్చేసరికి, అవతలి వెదురు ముందుకు తోసుకుపోయి పాడె వంకర తిరిగింది. ఎత్తి చూస్తే ఒక పక్కకు వాలుతోంది. కుర్రవాళ్ళు బలంగా లాగుతున్నారు. లాగేకొద్దీ ఇంకా వంకరవుతోంది.

పాడె కట్టే చోటికి ఆడవాళ్ళు పోరు. నేను లేచి అక్కడికి వెళ్ళాను. ఎవరో ఏదో అన్నారు, వినపడలేదు.

"చిన్నమామా, అన్నీ వదులు చేయించు" అన్నాను. "ముందు అన్నీ వదులుగా కట్టించు. సరిగ్గా నిలబడినాక, చుట్టూ తిరిగి కొంచెం కొంచెం బిగించవల్ల."

ఆయన తలెత్తి నా గొంతు వినపడిన వైపు చూశాడు. గోడ పక్కన నిలబడ్డ సాయిబు భుజం మీది తువ్వాలు కళ్ళకద్దుకున్నాడు. మా ఆయన తల దించుకున్నాడు. చిన్నమామ తానే వంగి, చేతులతో తడుముకుంటూ, మొదటి ముడి విప్పాడు.

"ఇప్పండప్పా" అన్నాడు కుర్రవాళ్ళతో. "మా వదిన పద్ధతి అది."

ముడులన్నీ వదిలాక వెదుళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి. అప్పుడు బిగించారు, చుట్టూ తిరుగుతూ.

శ్మశానానికి ఆడవాళ్ళం పోము. ఆమెను ఎత్తుకుని నడిచారు. నేను గడపలో, ఆమె నిలబడే చోట నిలబడ్డాను. పాడె ఏ పక్కకూ వాలకుండా, నలుగురి భుజాల మీద సమంగా వీధి వెంట సాగింది. పిండిమిషను దగ్గర మలుపు తిరిగేదాకా నేను లోపలికి పోలేదు.